రేపటిదాకా ఆగమంటే ఆగకండి

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గర పల్లె. పదహారేళ్ల మా అక్క కూతురు నిన్న కాలేజీ నుంచి ఇంటికి రాలేదు. స్టేషన్‌కు పోతే, "ఎవరితోనో పోయి ఉంటుంది, రేపటిదాకా చూడండి" అన్నారు. ఏం చేయాలె?

జవాబు: అమ్మా, ఈ జవాబు చదవడం ఆపి ముందు 112కు, 1098కి ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలనే నిబంధన ఏ చట్టంలోనూ లేదు. పిల్లలు కనిపించకపోతే కిడ్నాప్‌గానో అక్రమ రవాణాగానో భావించి ఎఫ్‌ఐఆర్ రాయాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. అయినా రాయకపోతే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ ఉన్నారు.

"ఎవరితోనో పోయింది" అనే మాట ఎంత ప్రమాదమో తెలంగాణలోని హాజీపూర్ గ్రామంలో జరిగిన హత్యలు చూపాయి. 2019 ఏప్రిల్‌లో తప్పిపోయిన బడిపిల్ల శవం పాడుబడ్డ బావిలో దొరికాకే, అంతకు ముందు నెలలో ఒకరు, 2015లో ఒకరు కనిపించకుండా పోవడం వెనక ఉన్నదీ హత్యలేనని తేలింది. నల్లగొండ కోర్టు 2020 ఫిబ్రవరిలో నిందితుడికి ఉరిశిక్ష వేసింది.

పోలీసులకు మీ అక్క కూతురి తాజా ఫొటో, ఆమె వేసుకున్న బట్టలు, పుట్టుమచ్చలు, ఫోన్ నంబరు, స్నేహితుల పేర్లు ఇవ్వండి. ప్రేమ సంగతి ఏదైనా ఉంటే పరువుకని దాచకండి, వెతికేవాళ్లకు అదే దారి చూపొచ్చు. మీ అక్కను ఒంటరిగా స్టేషన్‌కు పంపకండి. సఖి కేంద్రం నుంచి తోడు కోసం 181కి చేయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, తీసుకోకుండా బయటికి రావద్దు.