కార్డు కొనే ముందు కెమెరాను చూడు

దేవరుప్పుల

చిరంజీవి మేనల్లునికి మీ మామ దీవించి రాయునది.

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కేనన్ 5డి మార్క్ 3 కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. 2012లో వచ్చిన కెమెరా అది. 22 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్, గట్టి బాడీ, రెండు కార్డు స్లాట్లు. చీకటి పందిట్లో కూడా ముఖాల రంగు చెడకుండా పట్టుకుంటుంది. కొత్తగా స్టూడియో పెట్టుకునేవాడికి ఇంతకంటే గట్టి పనిముట్టు ఆ ధరలో దొరకదు.

మెమరీ కార్డు ఏది కొనాలని అడిగావట. అది ఫోన్లో రెండు మాటల్లో తేలే సంగతి కాదు. కాగితం మీద ఉంటే షాపుకు పోయేటప్పుడు జేబులో పెట్టుకోవచ్చని రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్తాను. కార్డు వేగాన్ని నిర్ణయించేది కార్డు మీద అచ్చువేసిన అంకె కాదు, నీ కెమెరా స్లాటు. చెరువు ఎంత నిండుగా ఉన్నా మడికి వచ్చే నీళ్ళు తూము కొలతను బట్టే కదా! షాపువాడు సెకనుకు 300 ఎంబీ వేగమని యూహెచ్‌ఎస్-2 ఎస్‌డీ కార్డు చూపిస్తాడు. ఆ కార్డు మంచిదే కావచ్చు. కానీ నీ కెమెరాలోని ఎస్‌డీ స్లాటుకు అంతకంటే నెమ్మదైన యూహెచ్‌ఎస్-1 పద్ధతి కూడా తెలియదు. ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అది సెకనుకు ఇరవై ఎంబీకి కాస్త అటూ ఇటూగానే రాస్తుంది. పక్కనున్న కాంపాక్ట్ ఫ్లాష్ (సీఎఫ్) స్లాటు అలా కాదు. దానికి యూడీఎంఏ 7 అనే వేగమైన పద్ధతి ఉంది. మంచి సీఎఫ్ కార్డు పెడితే సెకనుకు తొంభై, వంద ఎంబీ దాకా రాస్తుంది. ఒకే కెమెరాలో పక్కపక్కనే ఉన్న రెండు స్లాట్ల మధ్య నాలుగైదు రెట్ల తేడా ఉంది. కాబట్టి డబ్బు సీఎఫ్ మీద పెట్టు. ఎస్‌డీకి నమ్మకమైన కంపెనీ క్లాస్ 10 కార్డు చాలు.

ఈ తేడా పనిలో ఎక్కడ దెబ్బతీస్తుందో తెలుసుకో. నీ కెమెరా సెకనుకు ఆరు ఫోటోలు తీస్తుంది. ఒక్కో రా (RAW) ఫైలు సుమారు 27 ఎంబీ ఉంటుంది. అంటే సెకనుకు 160 ఎంబీ పుడుతుంది. ఈ కెమెరాలో అంత వేగంగా ఏ కార్డూ మింగలేదు గనుక కెమెరా ముందు తన బఫర్‌లో దాచుకుని, అక్కడినుంచి కార్డుకు పంపుతుంది. కేనన్ లెక్క ప్రకారం మామూలు కార్డుతో వరుసగా 13 రా ఫోటోలు వస్తాయి, యూడీఎంఏ 7 కార్డుతో 18 వస్తాయి. బఫర్ నిండిందంటే నువ్వు బటన్ నొక్కినా కెమెరా కదలదు. పదమూడు ఫైళ్ళంటే దాదాపు 350 ఎంబీ. అది ఎస్‌డీకి పోవాలంటే పదిహేను సెకన్లు దాటుతుంది. మంచి సీఎఫ్‌కయితే నాలుగు సెకన్ల చుట్టూ పడుతుంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అడ్డుతెర తీసిన క్షణంలో వధూవరులు ఒకరినొకరు చూసుకుంటారే, ఆ చూపు పదిహేను సెకన్లు నీకోసం ఆగదు. అయ్యగారు మంత్రం ఆపరు, మేళం ఆగదు. వేగమైన కార్డు కొనడానికి అసలు కారణం ఇదే.

ఇక రెండు స్లాట్లను ఎలా వాడాలన్నది పెద్ద ప్రశ్న. రెండిట్లోనూ రా పెడితే నెమ్మది స్లాటు ఎంతో కెమెరా మొత్తం అంతే అవుతుంది. అలాగని ఒక్క కార్డునే నమ్ముకుని లగ్గం మొత్తం తీయమని నేను చెప్పను. కార్డు ఎంత మంచిదైనా ఒకనాడు చెడిపోతుంది. పనిని బట్టి మార్చుకో. మెనూలో రికార్డ్ ఫంక్షన్ అని ఉంటుంది. పెండ్లి పందిట్లో, ఒడిబియ్యం దగ్గర, పుస్తెలు కట్టేటప్పుడు, అప్పగింతలప్పుడు ‘రికార్డ్ సెపరేట్లీ’ పెట్టి సీఎఫ్‌లో రా, ఎస్‌డీలో మీడియం జెపెగ్ పడేలా చూసుకో. అప్పుడు బఫర్‌లో పట్టే ఫోటోలు తగ్గుతాయి. రాతోపాటు పెద్ద జెపెగ్ కూడా రాయమంటే కేనన్ చెప్పే లెక్క ఏడు ఫోటోలే. అందుకే తలంబ్రాలప్పుడు వేలు నొక్కిపట్టకు. దోసిలి పైకి లేచేటప్పుడు రెండు, గింజలు రాలేటప్పుడు రెండు, నవ్వినప్పుడు రెండు. చూసి తీసిన ఆరు ఫోటోలు గుడ్డిగా తీసిన అరవైకి మించి పనికొస్తాయి. సీఎఫ్ ఎప్పుడైనా మొరాయించినా పెండ్లివారి జ్ఞాపకం జెపెగ్‌లో మిగిలే ఉంటుంది.

బారాత్‌లో డ్యాన్సులు, బడి మైదానంలో కబడ్డీ, మేడారం జాతర వంటివి వేరు. రెండేళ్ళకోసారి మాఘంలో చిలకలగుట్ట మీదినుంచి సమ్మక్క తల్లిని తీసుకొచ్చే ఘడియ ఉంటుంది చూడు, అక్కడ గాలిలో తుపాకులు పేలుతాయి, జనం ఒక్కసారిగా ఉప్పెనలా కదులుతారు. అప్పుడు కెమెరా ఆగకూడదు. రికార్డ్ ఫంక్షన్‌ను ‘స్టాండర్డ్’కు మార్చి సీఎఫ్ ఒక్కదాంట్లోనే రాయించు. జాతర దుమ్ములో కార్డు మార్చేటప్పుడు కెమెరాను సంచిలోపల పెట్టి మార్చు. సీఎఫ్ కార్డు చివర సన్నని రంధ్రాలుంటాయి, వాటిలో మట్టి పడకూడదు.

కొనేటప్పుడు కార్డు మీది గుర్తులు చదవడం నేర్చుకో. సీఎఫ్ మీద 1066ఎక్స్ అని ఉంటుంది. ఒక ఎక్స్ అంటే సెకనుకు 150 కేబీ. ఆ లెక్కన 1066ఎక్స్ అంటే 160 ఎంబీ. అయితే పెద్ద అక్షరాల అంకె చదివే వేగం, అంటే కంప్యూటర్‌లోకి దించుకునే వేగం. కెమెరాకు కావలసింది రాసే వేగం. అది పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చూడు. ఎస్‌డీ మీద వలయంలో 10 ఉంటే కనీసం సెకనుకు 10 ఎంబీ, యూ గుర్తులో 3 గానీ వీ30 గానీ ఉంటే కనీసం 30 ఎంబీ నిలకడగా రాస్తుందని అర్థం. ఏ1, ఏ2 అన్నవి ఫోన్లలో యాప్‌లకోసం, నీకు వాటితో పనిలేదు.

సైజు విషయంలో ఆశపడకు. 64 జీబీ కార్డులో నీ రా ఫైళ్ళు రెండు వేలకు పైనే పడతాయి. ఒక పెద్ద 128 కంటే రెండు 64లు మేలు. పెండ్లి ఒకదాంట్లో, రిసెప్షన్, బారాత్ రెండోదాంట్లో. ఒకటి పోయినా అంతా పోదు. వీడియో తీస్తావేమో, కెమెరాలోని రెండు కంప్రెషన్ పద్ధతుల్లో ఆల్-ఐలో నిమిషానికి 685 ఎంబీ, ఐపీబీలో 235 ఎంబీ పడుతుంది. అంటే 64 జీబీలో ఆల్-ఐ గంటన్నర వస్తుంది. సెకనుకు పదకొండు, పన్నెండు ఎంబీ మాత్రమే గనుక వీడియో కోసమని ఇంకా ఖరీదైన కార్డు అక్కరలేదు.

అన్నిటికంటే భయపడాల్సింది నెమ్మది కార్డుకు కాదు, నకిలీ కార్డుకు. సీఎఫ్ కార్డులు ఇప్పుడు అన్ని షాపుల్లో దొరకవు గనుక నకిలీ కార్డులు అమ్మేవాళ్ళకు సందు దొరికింది. లోపల ఎనిమిది జీబీ చిప్పు పెట్టి, 64 జీబీ ఉందని కెమెరాకు అబద్ధం చెప్పేలా తయారు చేస్తారు. మొదటి ఎనిమిది జీబీ వరకు ఏ అనుమానమూ రాదు. ఆ తర్వాత తీసినవి పాతవాటి మీద పడి చెరిగిపోతాయి, లేదా పేరు కనబడుతుంది గానీ ఫైలు తెరుచుకోదు. నీకు తెలిసేది ఇంటికి వచ్చాకే. అప్పటికి పెండ్లి అయిపోయి ఉంటుంది. అందుకే కోఠిలో కొన్నా, హనుమకొండలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు, వారంటీ ఇచ్చే అధీకృత అమ్మకందారు దగ్గరే కొను. తెచ్చిన రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు నిండా రాసి, తిరిగి చదివించి చూడు. నిండా రాసి చదివితేనే నిజం బయటపడుతుంది, ప్రాపర్టీస్‌లో సైజు చూస్తే సరిపోదు. ఆ పరీక్ష దాటని కార్డును కెమెరాలో పెట్టకు, మరునాడే తిరిగి ఇచ్చెయ్యి.

కెమెరా పాతది కొన్నావు, కార్డు మాత్రం పాతది కొనకు. ఫ్లాష్ మెమరీలో గదులను ఇన్నిసార్లే చెరిపి రాయగలమనే హద్దు ఉంటుంది. ముందటి మనిషి ఎంత వాడాడో బయటికి కనబడదు. కెమెరాతోపాటు ఉచితంగా కార్డు ఇచ్చి ఉంటే నేర్చుకోవడానికి వాడు, లగ్గానికి వాడకు. మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టడం, ఎస్‌డీని సీఎఫ్ అడాప్టర్‌లో పెట్టడం కూడా వద్దు. వేగం పడిపోవచ్చు, మధ్యలో ఇంకొక జాయింటు చేరుతుంది, చెడడానికి ఇంకొక చోటు దొరుకుతుంది.

సీఎఫ్ స్లాటులో 50 సన్నని పిన్నులుంటాయి. ఇవాళే టార్చి వేసి చూడు. అన్నీ వరుసగా నిటారుగా ఉండాలి. ఒక్కటి వంగినా కార్డు పాడవవచ్చు, స్లాటు బాగుచేయించే ఖర్చు ఎక్కువ. కార్డు పేరున్న వైపు నీకు కనబడేలా, రంధ్రాలున్న అంచు లోపలికి పోయేలా, నేరుగా పెట్టు. పోకపోతే నొక్కకు, తీసి చూడు.

రీడర్ దగ్గర పిసినారితనం చేయకు. నీ కెమెరా కేబుల్ యూఎస్‌బీ 2.0. దాంతో నిండు కార్డు దించుకోవాలంటే అరగంట దాటుతుంది. యూఎస్‌బీ 3.0 సీఎఫ్ రీడర్‌తో పది నిమిషాల పని. రాత్రి రెండింటికి బారాత్ ముగించుకుని వచ్చినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అలసిపోయినవాడు కాపీ రేపు చేద్దామనుకుంటాడు. ఆ రేపటిలోనే ఫోటోలు పోతాయి.

అందుకని నియమాలు పెట్టుకో. కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి, కంప్యూటర్‌లో వద్దు. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో కాపీ పడి, తెరిచి చూసుకునేదాకా ఫార్మాట్ జోలికి పోకు. కెమెరా మీద ఎర్రలైటు వెలుగుతుంటే కార్డు తలుపు తీయకు, బ్యాటరీ లాగకు. పొరపాటున ఫోటోలు చెరిగితే ఆ క్షణమే ఆ కార్డు పక్కన పెట్టెయ్. మీద ఇంకేమీ రాయకపోతే ఫోటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రాంతో చాలావరకు తిరిగి వస్తాయి.

నీ తోటివాళ్ళు అడిగితే వాళ్ళకూ ఇదే లెక్క చెప్పు. నికాన్ డీ750లో రెండూ యూహెచ్‌ఎస్-1 ఎస్‌డీ స్లాట్లే. డీ800లో ఒకటి సీఎఫ్, ఒకటి ఎస్‌డీ. డీ500, డీ850లలో ఎక్స్‌క్యూడీ, ఎస్‌డీ. ఈ ఎస్‌డీకి యూహెచ్‌ఎస్-2 ఉంది, అక్కడ ఖరీదైన కార్డు పనికొస్తుంది. కేనన్ 1డీఎక్స్ మార్క్ 2లో ఒకటి సీఫాస్ట్, ఒకటి సీఎఫ్. ఈ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని స్లాటులో మరొకటి పెట్టకూడదు.

ఇంత చాదస్తంగా ఎందుకు రాశానంటే, మనం తీసేవి తిరిగి జరిగేవి కావు. మన మండలంలోని కడవెండిలోనే 1946 జూలై 4న తెలంగాణ సాయుధ పోరాటంలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. నాటి సంగతులు ఇంట్లో విని పెరిగిన తరం కూడా ఇప్పుడు ముసలిదైంది. వాళ్ళ ముఖాలు, వాళ్ళ మాటలు నీ కెమెరాలోకి రావాలి. 2022లో కన్నుమూసిన మన వరంగల్ ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ ఇండ్లను, వాకిళ్ళను, బతుకమ్మను తీసి పెట్టాడు కాబట్టే అవి ఇవాళ మన కళ్ళముందు ఉన్నాయి. ఫోటో తీయడం సగం పని, దాన్ని కాపాడటం మిగతా సగం. లగ్గపువాళ్ళు నీకు బయానా ఇచ్చేది రెండింటికీ.

కాబట్టి మొదటి బుకింగ్‌కు ముందే నిజమైన 64 జీబీ సీఎఫ్‌లు రెండు, 32 జీబీ ఎస్‌డీ ఒకటి, యూఎస్‌బీ 3.0 రీడర్ ఒకటి, బిల్లుతో కొను. లెన్సు వచ్చే ఏడు కొనుక్కోవచ్చు. కార్డులు పరీక్షించాకే బయానా తీసుకో.

ఆశీస్సులతో,
మీ మామ