పని "పానీ" అయిన కథ
(బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

బెంగుళూరు వంటి నగరాల్లో బార్లలో వాయించే బ్యాండ్లు ఉంటాయి. మా ఆదోని ప్రాంతంలో ఆ స్థానం ఆర్కెస్ట్రాది. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, జాతరలు... ఎవరు పిలిస్తే అక్కడికి పోతాం. ముందు వరుసలో పిల్లలు, వెనుక "ఆ పాటే ఇంగోసారి!" అని అరిచే, చుక్క వేసుకున్న బావలు. అందులో నేను రెండేళ్ళుగా కీబోర్డు వాయిస్తున్నాను. మాది పత్తి సేద్యం. ఫీజు డబ్బుల కోసం చేరిన సంగతి ఇంట్లో చెప్పలేదు.

సినిమా పాటలు వాయించి వాయించి సొంతపాట కట్టాలన్న బుద్ధి పుట్టింది. బాణీ ముందు, మాట తర్వాత. సినిమాల్లోనూ చాలాసార్లు జరిగేది అదే. నా పల్లవి ఇది:

చేలో తెల్లని వెన్నెల రాశీ
చేతికి మిగిలెను రెక్కల పని

కాగితం మీద బాగానే ఉంది. ఆదోనిలో ఒక పెళ్ళిలో పాడాం. చివరి మాట దగ్గర బాణీ సాగుతుంది గనుక మా గాయకుడు దాన్ని "పానీ" అని సాగదీశాడు. మా ఊళ్ళో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే నోట్లో ఉంటాయి కదా! ముందు వరుసలోని ఒక పెద్దమనిషి పాపం, దాహమేమో అనుకొని నీళ్ళ గ్లాసు పైకి పంపించాడు. పందిరంతా నవ్వు. నేను కీబోర్డు వెనక తల దాచుకున్నాను.

ఆ రాత్రి మా డోలక్ అన్న లెక్క చెప్పాడు. హ్రస్వాక్షరం ఒక మాత్ర, దీర్ఘం రెండు. సున్న ఉన్న అక్షరమూ, ద్విత్వానికి ముందున్న అక్షరమూ రెండే. ఇంటర్లో తెలుగు పంతులుగారు గురువు, లఘువు అని ఇదే చెప్పారు. మార్కుల కోసం బట్టీపట్టి వదిలేశాను. లోలకం డోలనాలు లెక్కబెట్టినట్టు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కబెట్టాను. "రెక్కల" నాలుగు మాత్రలు. "పని" రెండే. బాణీ అక్కడ నాలుగు అడుగుతోంది. లేని రెండు మాత్రలు గాయకుడు తన గొంతులోంచి పోశాడు, అర్థం మారిపోయింది. తప్పు అతనిది కాదు. "పని" తీసి "కూలీ" పెట్టాను. రెండూ దీర్ఘాలే, సరిగ్గా నాలుగు. ఇక సాగదీయనక్కర లేదు.

అన్నీ నాలుగులే కానక్కర లేదు. తకిట తకధిమి అంటే మూడూ నాలుగూ, ఏడు. దాన్ని మిశ్రగతి అంటారు. 1910లో గురజాడ తెచ్చిన ముత్యాల సరం నడక అదే. మా గాయకుడిది ఎమ్మిగనూరులో నేత ఇల్లు. అక్కడ రిహార్సలు చేసేటప్పుడు మగ్గం చప్పుడు ఆగేదాకా మా డోలక్ అన్న తన దరువు మొదలుపెట్టేవాడు కాదు. రెండు తాళాలు కలిస్తే చెవి చెడుతుందట.

మొన్న జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఆ పాట పాడాం. ఈసారి నీళ్ళు రాలేదు, చప్పట్లు వచ్చాయి. స్టేజీ దిగి చూస్తే ఎదురుగా మా నాయన! ఎద్దులు చూద్దామని సంతకు వచ్చి, పాట విని నిలబడ్డాడంట. తిడతాడనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత,

"నువ్వేనా రాసింది?"

"ఊఁ."

"రెక్కల కూలీ మిగిలెనంటివి. యాడ మిగిలెరా? ఈ యేడు పత్తి ఆదోని మార్కెట్టుకేసినాక లెక్క జూస్తిమి కదా. కూలీ కూడా మిగలక పాయె."

ఫీజు సంగతి అడగలేదు. టీ తాగించి, ఎద్దుల దగ్గరికి పోయినాడు.

తిరుగు బస్సులో వేళ్ళ మీద లెక్కబెట్టాను. కూలీ, నాలుగు. కూడా, నాలుగు. మిగలక, నాలుగు. పాయె, చివర కొంచెం సాగదీస్తే పాయే, నాలుగు. పల్లవి రెండో పాదం అచ్చంగా పదహారు మాత్రలు! ఇప్పుడు అదే పాడుతున్నాం. "రాశీ"కి అంత్యప్రాస పోయిందని మా గాయకుడు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.