రుద్రజడ సాగు: ఆకు కొఱకా, గింజ కొఱకా?

వేసవిలో సబ్జా గింజల పానకము త్రాగనివారు మనలో అరుదు. ఆ గింజల నిచ్చు మొక్కయే రుద్రజడ. కొందరు విభూతిపత్రి యందురు. ఇది తులసికి చుట్టమే గాని తులసి కాదు. ఇటలీలోని జెనోవా పట్టణమువారు దీని లేతాకును వెల్లుల్లి, జున్ను, ఆలివు నూనెలతో నూరి ‘పెస్తో’ అను పచ్చడి చేయుదురు. ఇప్పుడు మన నగరముల హోటళ్లలోను ఈ యాకునకు గిరాకి గలదు. కావున కొందరు సభ్యులు దీనిని వేయవచ్చునా యని మమ్ము అడుగుచున్నారు.

సాగు సులభమే. నీరు నిలువని నేల, మంచి యెండ కావలయును. విత్తనము మిక్కిలి సన్నము. పొడి యిసుకలో కలిపి నారుమడిలో పైపైన చల్లవలెను. ముందుగా నానబెట్టరాదు, జిగురు పుట్టి గింజలు ముద్దకట్టును. నాలుగైదు ఆకులు వచ్చిన పిదప అడుగు దూరమున నాటవలయును. మొక్క జానెడు పెరుగగానే కొన త్రుంచినచో ప్రక్కకొమ్మలు పుట్టి గుబురగును. నీరు ఆకులమీద గాక మొదట పోయవలెను; ఆకు తడిసియుండిన బూజు తెగులు వ్యాపించును.

ఆకు కావలసినవారు పూమొగ్గలను ఎప్పటికప్పుడు త్రుంచవలెను. పూత ముదిరినచో ఆకు తగ్గును. గింజ కావలసినవారు కంకులను ఎండనీయవలెను. ఒకే వరుసనుండి రెండును నిండుగా పొందజాలము. తేనెటీగల వలన వేర్వేరు రకములు సంకరమగును గనుక విత్తనపు మడి వేరుగా నుండవలెను.

వంటలో ఈ యాకును టమాటా పప్పు దింపిన తరువాత వేయుడు. ఉడికించినచో పరిమళము ఆవిరితో పోవును. గింజలను నీట బాగుగా నానిన పిమ్మటనే త్రాగవలెను. పొడిగింజలు గొంతులో ఉబ్బును. పిల్లల విషయమున జాగ్రత్త.

ఇక అసలు సంగతి. కోసిన ఆకు త్వరగా వాడును. మిక్కిలి చల్లని పెట్టెలో నుంచిన నల్లబడును. ఎండిన గింజ నిలువయుండును. కనుక కొనువాడు నిశ్చయము కాకుండ ఎకరము వేయకుడు. మొదట అయిదుగురు సభ్యులు తలకొక మడి చొప్పున, మూడేసి వారముల తేడాతో విత్తుడు. అందరి ఆకును ఒక్కచోట చేర్చి, వ్రాతపూర్వకమైన ఒడంబడికతో సంఘము ద్వారా అమ్ముడు. కొనువాడు లేని పంటకు కోతకూలి కూడ దండుగయే.