రెండు గడుల డైరీ

పోతిరెడ్డిపల్లి చౌరస్తా దగ్గర ఓ రాత్రి నేను చేసిన నిర్వాకం చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి, ఇంట్లో వాళ్లు ఎప్పుడో తిట్టేశారు.

అప్పట్లో పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూసేవాణ్ణి. కార్తీకం. మెడలో అయ్యప్ప మాల, ఒంటి మీద నల్లబట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు. మర్నాడు మా లోడు ఎత్తాల్సిన సర్దార్‌జీ డ్రైవర్ హైవే పక్క దాబాలో నులకమంచం మీద కూర్చున్నాడు. ముందు అడ్డచెక్క మీద సగమైన క్వార్టర్ సీసా, గాజుగ్లాసు, ఉల్లిపాయ ముక్కలు. "తలమీద పాగా, చేతిలో పెగ్గు. ఇదేం భక్తిరా!" అని పక్కనున్న క్లీనర్ కుర్రాడితో అని నవ్వాను. ఆయనకు తెలుగు రాదు. కానీ నవ్వు అర్థమైంది. గ్లాసును మెల్లగా మంచం కిందికి జరిపాడు.

ఇంతకీ నా సంగతి? మాల తీసిన సాయంత్రమే వైన్స్ పర్మిట్ రూమ్‌లో కూర్చున్న ఘనుణ్ణి. నలభై ఒక్క రోజులు అందరూ 'స్వామీ' అంటుంటే ఊరందరికీ తీర్పులిచ్చే హక్కు వచ్చేసిందనుకున్నాను.

మర్నాడు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకెళ్లి పెద్దాయనకు చాడీ చెప్పాను. ఆయన హైదరాబాద్ బరంబాలలో పుట్టిన సిక్కు. నిజాం కాలంలో, 1830లలో లాహోరు నుంచి వచ్చిన రంజిత్ సింగ్ ఫౌజు వారసులు వాళ్లు. తెలుగు నాకన్నా బాగా మాట్లాడతాడు. అమృతం తీసుకున్నవాడు, అంటే ఖాల్సా దీక్ష పుచ్చుకున్నవాడు, చుక్క ముట్టడు. మెచ్చుకుంటాడని నా ఆశ.

"ఆయన అమృతం తీసుకున్నడా? మీరు అడిగిండ్రా సార్?" అన్నాడు, బిల్టీ రాస్తూనే.

అడగలేదు. సిక్కుల్లో ఆ దీక్ష తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్లు అనే తేడా ఒకటుందనే తెలియదు. అప్పుడు చెప్పాడాయన. 1699లో ఆనందపూర్‌లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను నిలబెట్టినప్పుడు ముందుకొచ్చిన అయిదుగురిలో ఒకరు, భాయి సాహిబ్ సింగ్, మన బీదర్ మనిషేనట. ఇదే రోడ్డు పట్టుకుని జహీరాబాద్ దగ్గర పక్కకు తిరిగితే బీదర్. జుట్టు తీయడం, హలాల్ మాంసం, పరస్త్రీ సంగమం, పొగాకు ఈ నాలుగూ అమృతధారికి మహాపరాధాలు. మద్యం ఆ నాలుగింటిలో లేదు గానీ అదీ నిషిద్ధమే. తప్పినవాడు తనే వచ్చి సంగత్ ముందు, అంటే గురుద్వారాలో కూడిన భక్తుల ముందు, చేతులు కట్టుకుని చెప్పుకోవాలి. అయిదుగురు కూర్చుని శిక్ష వేస్తారు. అదీ మామూలుగా సేవే, చెప్పులు తుడవడం, లంగరులో, అంటే అందరికీ అన్నం పెట్టే వంటశాలలో, గిన్నెలు తోమడం లాంటిది.

"తప్పు కాదంటలేను సార్. కానీ ఆ లెక్క ఆయననే పోయి చెప్పుకోవాలె. నడుమ మీ గేట్ పాస్ ఎందుకు?"

కాసేపాగి, తగ్గిన గొంతుతో, "నేనూ తక్కువోన్ని కాదు. మా తమ్ముని కొడుకు జుట్టు కత్తిరించుకున్నడని రెండేండ్లు వాళ్ల గడప తొక్కలే" అన్నాడు.

ఎదుటివాడి తప్పును వాడి గుణానికి, మన తప్పును పరిస్థితికి అంటగడతామని మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంటారు. ఇందులో మొదటి సగానికి, అంటే ఎదుటివాడి గుణం మీదికి నెట్టేయడానికి, లీ రాస్ అనే ఆయన 1977లో ఓ పేరు కూడా పెట్టాడు. ఇంకో సంగతి. 2018లో బీబీసీ చేయించిన సర్వేలో బ్రిటన్ సిక్కుల్లో 27 శాతం మంది తమ కుటుంబంలో ఎవరికో ఒకరికి మద్యం సమస్య ఉందన్నారు. అలాంటి ఇంటికి నలుగురి నవ్వు ఏం చేస్తుంది? గ్లాసును మంచం కిందికి జరిపిస్తుంది, అంతే. తాగుడు మాన్పించదు.

పెద్దాయన మాటలు విన్న ఆ రోజు కొన్నదే ఈ డైరీ. జేబులో పట్టేది, కిరాణా కొట్టులో దొరికేది. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు 'చూసింది', కుడివైపు 'అనుకుంది'. ఎవరి మీదైనా నోరు జారబోయే ముందు రాయాలి. మొదటివారం కుడిగడి నిండి పేజీ వెనక్కి కూడా పాకింది. ఎడమగడిలో రెండు మూడు ముక్కలే. 'పక్కింటాయన శనివారం కోడికూర తెచ్చాడు' అని ఎడమవైపు రాసి, కుడివైపు ఆయన నిష్ఠ, ఆయన పెంపకం, ఆయన పిల్లల భవిష్యత్తు దాకా రాశాను. ఆ సంచిలో కూర ఉందని కూడా నేను చూడలేదు, సంచే చూశాను! సిగ్గేసి 'కోడికూర' కొట్టేసి 'సంచి' అని దిద్దుకున్నాను.

నవ్వుతున్నారా? మీ కుడిగడి నాకన్నా పొడుగుంటుంది. ఒక్క వారం రాసి చూడండి. మనసులో గీసుకుంటానంటే కుదరదు, మనసు గీతను చెరిపేస్తుంది. పెన్ను పట్టాల్సిందే. బద్ధకిస్తే మీ ఖర్మ. మూడు నెలలకు నా కుడిగడి సగానికి తగ్గింది. నాలాంటి నోటిదురుసు మనిషికే తగ్గిందంటే మీకు ఇంకా త్వరగా తగ్గుతుంది.

మిగతా చిట్కాలు మీకు తెలిసినవే. చాడీలు చెప్పేచోట కూర్చోవద్దు, కోపంలో ఫోన్ చేయవద్దు. ఇంట్లో ఎవరైనా తాగుడుకు బానిసైతే దాచకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తాగి బండెక్కేవాడిని మాత్రం ఆపి తీరాలి, దానికి ఏ డైరీ అక్కర్లేదు.

డైరీ మొదటి పేజీలో ఇప్పటికీ ఆ రాత్రే ఉంది. ఎడమవైపు: 'మంచం. సగం సీసా. నేను నవ్వాను. గ్లాసు కిందికి పెట్టాడు.' పైన ఆయన పేరు రాద్దామని ఖాళీ వదిలాను. మర్నాడు గేట్ పాస్ రాసింది నేనే. లారీ నంబరు గుర్తుంది, పేరు గుర్తులేదు.