పురుగు మేసిన లోహం

మానవుడు పారవేసినదానిని భుజించి బ్రతికే ప్రాణులు సృష్టిలో ఎన్నో ఉన్నాయి. వాటిని హేయంగా చూడడం లోకరీతి. అట్టి ప్రాణులలో ఒకదానిని నేడు అనేక దేశాలలో పనిగట్టుకొని పెంచుతున్నారు. అదే ‘బ్లాక్ సోల్జర్ ఫ్లై’ అనే నల్లని ఈగ. అమెరికా ఖండాలలో పుట్టిన ఈ ఈగ ఇప్పుడు ఉష్ణదేశాలన్నింటా కనిపిస్తుంది. దీని డింభకం మహాభోక్త. కుళ్లిన కూరగాయలను, పండ్ల తొక్కలను, మిగిలిన అన్నాన్ని సుమారు రెండు వారాలపాటు ఎడతెగక తిని బలుస్తుంది. ఎండబెట్టిన డింభకాలలో దాదాపు 40 శాతం మాంసకృత్తులు ఉంటాయి.

చేపలకు, రొయ్యలకు, కోళ్లకు పెట్టే మేతలో మాంసకృత్తుల కొరకు చేపలపొడి, సోయాపిండి కలుపుతారు. అవి ఖరీదైనవి. రొయ్యల చెరువులకు పేరుపొందిన భీమవరం ప్రాంతపు రైతుకు మేత ఖర్చు ఎంతటి భారమో వేరుగా చెప్పనక్కరలేదు. చెత్తను తిని మేతగా మారే పురుగు అందరినీ ఆకర్షించడం సహజమే. ఐరోపా సమాఖ్య 2017లో చేపల మేతలోను, 2021లో కోళ్ల, పందుల మేతలోను కీటకాల మాంసకృత్తులను అనుమతించింది.

అయితే చెత్తలో అన్నమూ ఆకులూ మాత్రమే ఉండవు. బ్యాటరీలు, రంగులు, రసాయనిక ఎరువుల ద్వారా కాడ్మియం, సీసం, ఆర్సెనిక్ వంటివి అందులో చేరుతాయి. పిండిపదార్థమైతే జీర్ణమై రూపు మారుతుంది. లోహం మూలకం, ఏ జఠరాగ్నీ దానిని దహింపలేదు. అది మలంతో బయటికి పోవాలి, లేదా దేహంలో నిలవాలి.

2015లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో కాడ్మియం కలిపిన మేతతో ఈ డింభకాలను పెంచారు. వాటి దేహంలో ఆ లోహం మేతలోకంటె రెండు రెట్లకు పైగా, దాదాపు మూడు రెట్ల వరకు పేరుకొన్నది. సీసం మాత్రం మేతలోకంటె తక్కువగానే ఉన్నది. 2016లో నెదర్లాండ్స్ పరిశోధకుల ఫలితాలలో ఈ డింభకాలలో సీసం కూడా పేరుకొన్నది. పిండిపురుగులలోనైతే ఆర్సెనిక్ పేరుకొన్నది. కనుక ఒక పురుగును చూచి మరొక పురుగును గూర్చి తీర్పు చెప్పరాదు.

కాడ్మియానికే ఈ చొరవ ఎందుకు? దాని అయాను కాల్షియం అయానును పోలి ఉంటుంది. కాల్షియం ప్రవేశించే ద్వారాల గుండానే అదీ జీవకణాలలోకి చొరబడగలదు. ఈ డింభకం చర్మంలో కాల్షియం సమృద్ధిగా ఉంటుంది. విచిత్రమేమంటే, 2015 నాటి ప్రయోగంలో లోహాన్ని మేసిన డింభకాల బరువుగాని, ఎదుగుదలగాని చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు. ఆరోగ్యంగా కనిపించే పురుగును చూచి ఎవరు శంకిస్తారు? హాలాహలాన్ని కంఠంలో నిలిపి శివుడు లోకాన్ని కాపాడినాడు. డింభకం కూడా విషాన్ని తనలోనే నిలుపుకొంటుంది. కాని ఆ డింభకాన్నే కోడి మింగుతుంది.

జంతుసంబంధమైన మేత ముడిసరుకులో కాడ్మియం కిలోకు 2 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా నిబంధన. ఎండిన చెత్తలో కిలోకు 1 మిల్లీగ్రాము ఉన్నా, మూడు రెట్లు పేరుకొంటే డింభకం ఆ హద్దు దాటినట్లే. కొవ్వును పిండి తీసివేస్తే లోహం చాలావరకు మిగిలిన పిండిలోనే నిలుస్తుంది కనుక సాంద్రత ఇంకా పెరుగుతుంది.

కాడ్మియం మనిషి మూత్రపిండాలలో చేరి దశాబ్దాలపాటు నిలుస్తుంది. జపానులోని జింజు నదీతీరంలో అది వరి అన్నం ద్వారా దేహాలలో చేరింది. నదికి ఎగువనున్న గని నుండి వచ్చిన కాడ్మియం ఆ నీటితో పండిన పైరులోకి ఎక్కింది. ఎముకలు మెత్తబడి విరిగి, ముఖ్యంగా స్త్రీలు దుర్భరమైన బాధ అనుభవించారు. వారి మూలుగే ఆ వ్యాధికి ‘ఇతాయ్ ఇతాయ్’ అని పేరైనది. ‘నొప్పి, నొప్పి’ అని దాని అర్థం. కాడ్మియమే కారణమని జపాను ప్రభుత్వం 1968లో అంగీకరించింది.

ఐరోపాలో ఈ కీటకాలను పశువులతో సమానంగా పరిగణించి, వంటశాలల వ్యర్థాలను, పేడను వాటికి మేతగా పెట్టడాన్ని నిషేధించారు. చెత్తను వదిలించుకొనడానికే పురుగును పెంచదలచినవారికి ఇది రుచించదు. అయినా లోహాన్ని పురుగులోనుండి తీయడంకంటె, చెత్తను చేరవేసేచోటనే కూరగాయల వ్యర్థాన్ని వేరుచేసి, పరీక్షించి వాడడం సులభం. డింభకాలు మేయగా మిగిలిన పిప్పిని పొలానికి ఎరువుగా వేస్తారు. పురుగు దేహంలో చేరని లోహం ఆ పిప్పిలోనే ఉంటుంది కనుక దానిని కూడా పరీక్షింపవలసి ఉన్నది.