పి.హెచ్.పి. భాషలో తేదీని, వేళను వ్రాయు విధము

విద్యార్థులారా, ఒకఁడు జాబులో "రేపు వచ్చెదను" అని మాత్రమే వ్రాసి తేదీ వేయకున్నచో, చదువువాఁడు ఏనాఁడని యెదురుచూడవలెను? కంప్యూటరు వ్రాయు వేళయు నట్టిదే. అది యేదేశపు గడియారమో తెలియనిదే దానిని నమ్మరాదు.

పి.హెచ్.పి. భాషను రాస్మస్ లెర్డార్ఫ్ 1995వ సంవత్సరమున వెలువరించెను. దీని ప్రోగ్రాము చదువరి యంత్రమునఁ గాక, పుటలను పంపెడి సర్వరునందు నడచును. కావున పుటలోఁ గనఁబడు వేళ సర్వరు వేళయే గాని మన గోడ గడియారపు వేళ కాదు.

సర్వరు 1970 జనవరి 1వ తేదీ అర్ధరాత్రి మొదలు గడచిన సెకండ్లను లెక్కించును. ఆ యర్ధరాత్రి యూ.టి.సి. యను ప్రపంచ ప్రమాణ కాలమును బట్టినది. మనకప్పుడు ఉదయము 5:30 గంటలు. లెక్క యొక్కటియే, దానిని వ్రాయు రీతులు పెక్కులు. రీతిని తెలుపుటకు 'డేట్' అను ఫంక్షనునకు ఇంగ్లీషు అక్షరముల నీయవలెను.

చిన్న 'డి' దినమును, చిన్న 'ఎమ్' నెలను, పెద్ద 'వై' నాలుగంకెల సంవత్సరమును తెలుపును. పెద్ద 'హెచ్' 24 గంటల లెక్కను, చిన్న 'హెచ్' 12 గంటల లెక్కను, చిన్న 'ఎస్' సెకండ్లను చూపును. నిమిషములకు చిన్న 'ఐ' వాడవలెను. క్రొత్తవారు నిమిషములకు 'ఎమ్' వ్రాయుదురు. అప్పుడు జూను నెలలో 10:15 గంటలకు 10:06 అని పడును. యంత్రము తప్పని చెప్పదు. గిబియోనునందు సూర్యుఁడు నిలిచినట్లు, ఆ నెల యంతయు నిమిషము 06 వద్దనే నిలుచును!

ఇంతకంటె గొప్ప తప్పు మేమే చేసితిమి. ఒక వసతిగృహపు హాజరుపట్టీకి ప్రోగ్రాము వ్రాసి, దేశకాలమును తెలుపుట మఱచితిమి. ఏమియుఁ జెప్పనిచో పి.హెచ్.పి. యూ.టి.సి.నే గైకొనును; అది మన కాలముకంటె 5 గంటల 30 నిమిషములు వెనుక. ఒక బాలుఁడు సోమవారము వేకువ 5 గంటలకు ప్రార్థనకు వచ్చెను. పట్టీలో అది ఆదివారము 23:30 గంటలుగాఁ బడెను. మంగళవారము అతఁడు సెలవుపై ఇంటికేఁగెను గనుక సోమవారపు గడి ఖాళీగా నుండెను. "నేను వచ్చితినండీ" యని బాలుఁడు కన్నీటితోఁ జెప్పినను, మేము యంత్రమునే నమ్మి మందలించితిమి. పిమ్మట తప్పు తెలిసికొని, తరగతి యెదుట అతని క్షమాపణ వేఁడితిమి. ప్రోగ్రాము మొదటనే దేశకాలమును 'ఏషియా/కోల్‌కతా' యని నిర్ణయించియున్నచో నిది జరుగకుండెడిది.

తేదీని చదువుటయందును జాగ్రత్త వలయును. 'స్ట్ర్‌టుటైమ్' అను ఫంక్షను 03/04/2025 అను దానిని మార్చి 4గాను, 03-04-2025 అను దానిని ఏప్రిల్ 3గాను గ్రహించును. గీఁత మాఱినచో నెల మాఱును. సంవత్సరము ముందుంచి 2025-04-03 అని వ్రాసినచో సందేహముండదు.

యంత్రము అబద్ధమాడదు, మనము చెప్పినదే చేయును. కావున పట్టీ యొకటియు బాలుఁడొకటియుఁ జెప్పినపుడు, మొదట మన వ్రాఁతను పరీక్షింపవలెను.

అభ్యాసము:
1. మన దేశమున జనవరి 1వ తేదీ రాత్రి 2 గంటలైనపుడు యూ.టి.సి. సర్వరు ఏ తేదీని, ఏ వేళను చూపును?
2. రాత్రి 7 గంటల 5 నిమిషములను 19:05 అని చూపుటకు ఏ యక్షరములు వలయును?