గోడకు బీట మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుంది?



పిల్లరు, ఇటుక గోడ కలిసే చోట నిలువుగా సన్నని బీట రావడం మీరు చూసే ఉంటారు. పండక్కి లప్పం పెట్టి రంగు వేయిస్తాం. వేసవి దాటేసరికి అదే చోట మళ్ళీ అదే గీత! అప్పు చేసి ఇల్లు కట్టుకున్న అమ్మానాన్నలకు ఏటా రంగుల ఖర్చు ఒకటి, ఇల్లు ఏమవుతుందోనన్న భయం ఇంకొకటి. మేస్త్రీని తిట్టేముందు కారణం తెలుసుకుందాం.

కారణం

ఎండకు దాదాపు ప్రతి వస్తువూ సాగుతుంది. ఒక డిగ్రీ సెల్సియస్ వేడికి కాంక్రీటు తన పొడవులో పది లక్షలకు సుమారు 10 వంతులు, ఇటుక 5 లేక 6 వంతులు సాగుతాయి. 3 మీటర్ల ఎత్తు, 20 డిగ్రీల తేడా అనుకుంటే కాంక్రీటు 0.6 మి.మీ., ఇటుక 0.3 మి.మీ. పైచిలుకు సాగుతాయి. పైగా కొత్త కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. రెండింటి నడక ఒకటి కాదు. మధ్యనున్న లప్పం పెళుసు కాబట్టి తెగిపోతుంది.

మరమ్మతు విధానం

1. బీట చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. కొత్త ఇల్లయితే ఒక వేసవి, ఒక వానాకాలం గమనించండి.
2. బీటకు అటూ ఇటూ 15 సెం.మీ. మేర ప్లాస్టరింగు కొట్టేయండి. పిల్లరు నునుపుగా ఉంటే ఉలితో గాట్లు పెట్టండి.
3. దుమ్ము దులిపి, తడిపి, సందును సిమెంటు మాలుతో నింపండి.
4. 30 సెం.మీ. వెడల్పున్న చికెన్ మెష్ (తీగ జాలీ) బీట మీద మధ్యగా పరచి, బిగుతుగా మేకులు కొట్టండి.
5. పైన ప్లాస్టరింగు చేసి 7 రోజులు తడపండి.

జాలీ ఆ కదలికను ఆపదు. ఒక్కచోట పడే లాగుడును వెడల్పుగా పంచుతుంది. అందుకే పెద్ద బీట పడదు.

జిప్సం బోర్డు పార్టిషన్ అయితే?

ఆఫీసుల్లో ఇనుప ఫ్రేముకు బోర్డులు బిగించి కట్టే గోడ తేలిక. తలుపు వేసిన ప్రతిసారీ అదురుతుంది. అది ఇటుక గోడను తాకే చోట సిమెంటు గాని, లప్పం గాని నిలవదు. 3 నుంచి 5 మి.మీ. సందు వదిలి, రబ్బరులా సాగే యాక్రిలిక్ సీలెంటు నింపాలి. కదిలేదానికి కదిలే చోటివ్వడమే మందు.

జాగ్రత్త!

బీట మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోతున్నా, 5 మి.మీ. దాటి వెడల్పవుతున్నా, తలుపులు పట్టేస్తున్నా లోపం పునాదిలో ఉండవచ్చు. లప్పం పెట్టి కప్పేయకుండా ఇంజనీరుకు చూపించండి.

కొత్తగా కట్టేవారు ప్లాస్టరింగుకు ముందే జాలీ వేయించుకుంటే ఖర్చు తక్కువ. రోజుకు 1.5 మీటర్లకు మించి గోడ లేపనివ్వకండి. బీము కింది చివరి వరసను కొన్నాళ్ళు ఆగి కట్టించండి.

మీకొక లెక్క: 6 మీటర్ల స్లాబు 25 డిగ్రీలు వేడెక్కితే ఎంత సాగుతుంది? 1.5 మి.మీ. అని వచ్చిందా? అయితే స్లాబు కింద గోడకు అడ్డంగా వచ్చే బీట ఎందుకో ఇప్పుడు మీ ఇంట్లోవాళ్ళకు మీరే చెప్పగలరు.